కత్తెరక్క పత్రిక పెట్టింది

ఆమెను అందరూ కత్తెరక్క అనే పిలిచేవారు. ఊళ్లో పాటల బృందాలన్నిటికీ స్టేజీ బట్టలు కుట్టేది ఆమే. చేతిలో కత్తెర ఎంత పదునో నోట్లో మాట అంతకన్నా పదును. పేరు మోసిన గాయకులు కూడా కొలతలిచ్చేటప్పుడు ఆమె ముందు కిక్కురుమనకుండా నిలబడేవారు. ఎవరైనా పొట్ట లోపలికి పీలిస్తే, "వదలండి వదలండి, స్టేజీ మీద ఎంతసేపని బిగబడతారు?" అనేది.

పత్రిక ఆలోచన కోపంలోంచి పుట్టింది. కచేరీలు జరిగే పెద్ద హాలు ఊరంతటికీ ఒక్కటే. దాని యజమాని రాసి పంపిన ముక్కే పేపర్లలో వార్త. ఎవరు పాడినా శ్రోతలు ఉర్రూతలూగాల్సిందే. ఒకసారి కరెంటు పోయి కచేరీ మొదలవకుండానే ఆగిపోయింది. టికెట్టు కొన్నవాళ్లు తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు. మర్నాడు పేపర్లో మాత్రం వాళ్లంతా యథావిధిగా ఊగారు. కత్తెరక్క ఒళ్లు మండిపోయింది.

"మనమే ఒక పత్రిక పెడదాం. ఎవరు బాగా పాడారో, ఎవరు పాడలేదో ఉన్నదున్నట్టు రాద్దాం," అంది అన్నాల దగ్గర.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది తల్లి. "పాడేవాళ్లే ఊరుకున్నారు, నీకేం పట్టింది?"

"పెట్టు అక్కా," అన్నాడు తమ్ముడు. ఊళ్లో ఇప్పుడు అందరికన్నా పేరున్న గాయకుడు వాడే. "పేరు నేను చెప్తా రాసుకో. పచ్చిగొంతు."

పేరు కుదిరింది గానీ అచ్చువేసేవాడు కుదరలేదు. ప్రెస్సు ఆయన హాలుకు టికెట్లు అచ్చువేసి బతుకుతున్నవాడు. చేతులు జోడించి, వేరే ఎక్కడైనా చూసుకోమన్నాడు. కత్తెరక్క వీధి చివర జిరాక్సు కొట్టుకు వెళ్లింది. తెచ్చిన కాగితాలు మధ్యకు మడిచి, జీన్స్ ప్యాంట్లు కుట్టే సూది మిషనుకు ఎక్కించి, నడుమ ఒక కుట్టు వేసి చూసింది. ఎర్రదారంతో పుస్తకం పుస్తకంలాగే నిలబడింది. పిన్నులు కొట్టిన పత్రికలకన్నా మనదే గట్టిదని మురిసిపోయింది.

పగలు కుట్టుపని, సాయంత్రాలు రిహార్సల్స్. కార్లషెడ్డులో సాధన చేసే కుర్రాళ్ల గురించి రాసింది, మెట్ల కింద గదిలో గిటారు నేర్పే పెద్దావిడ గురించి రాసింది. తొలి సంచికలో ఇక ఒక్క పేజీ మిగిలింది. అది తమ్ముడి కచేరీకి అట్టేపెట్టింది. పొగడ్త ఎంత ఆపుకోవాలా అన్నదే అప్పుడు ఆమెకున్న దిగులు.

కచేరీ రోజు సూదీదారంతో స్టేజీ పక్కన తెర వెనకాల నిలబడింది. తమ్ముడు పాడుతున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు. వెనక డ్రమ్స్ వాయిస్తున్నది దరువు బాబాయి, వాళ్ల నాన్న స్నేహితుడు. ఉన్నట్టుండి ఆయన చేతిలో పుల్ల జారి దొర్లుకుంటూ ఆమె కాళ్ల దగ్గరకొచ్చింది. బాబాయి సీట్లోంచి లేచి వచ్చి వంగి దాన్ని తీసుకున్నాడు. డ్రమ్స్ మాత్రం ఆగలేదు, మోగుతూనే ఉన్నాయి. కత్తెరక్క చటుక్కున తమ్ముడి వైపు చూసింది. పైస్థాయి అందుకునేటప్పుడు వాడి మెడ నరాలు ఉబ్బుతాయని వాడి కాలరు ఎప్పుడూ వేలెడు వదులుగా కుట్టేది. పాట తారస్థాయిలో ఉంది, మెడ మాత్రం నిద్రపోయేవాడి మెడలా ఉంది. మోగుతున్నదంతా ముందే రికార్డు చేసి పెట్టిన ట్రాకు.

"హాలాయన పెట్టిన పద్ధతక్కా," అన్నాడు ఇంటికొచ్చాక, తలెత్తకుండా. "రికార్డులో విన్నట్టే ఉండాలంటాడు. గొంతు ఎక్కడైనా పోతే పేరు పోదూ?"

"నేను రాస్తాను."

"నా గురించా?"

"ముందు నీ గురించే. నిన్ను వదిలేసి పక్కవాళ్ల తప్పులు రాస్తే నా మొహాన ఉమ్మేస్తారు. పేరు పెట్టింది నువ్వే కదరా?"

తల్లి కంచం పక్కకు నెట్టేసింది. "ఇంటిగుట్టు లంకకు చేటు. తోడబుట్టినవాడి పొట్ట కొట్టి ఏం కట్టుకుపోతావే?"

మర్నాడు హాలు యజమాని స్వయంగా ఆమె టైలరింగు కొట్టుకు వచ్చాడు. బాబాయి నోరు జారాడో, ప్రెస్సాయన చెవిన వేశాడో మరి. చాలా మర్యాదగా మాట్లాడాడు. పత్రిక వెనక అట్ట మీద ఏడాదంతా మా హాలు ప్రకటనే అన్నాడు, కొత్త తెరలు కుట్టే పని కూడా నీకేనమ్మా అన్నాడు. "ఆ ఒక్క పేజీ తీసెయ్, చాలు."

"ఒకటి తీస్తే దాని జత పేజీ కూడా ఊడుతుందండీ. మడత పుస్తకం."

"అయితే ఇక మా హాలు గుమ్మం తొక్కకు."

"తొక్కను. పక్క సందులోకి అన్నీ వినబడతాయి. మీ ట్రాకు కూడా."

ఆయన వెళ్లిపోయాడు. ఆయన బెదిరింపుకు ఆమె భయపడలేదు. తమ్ముడు ఇక తనను అక్కా అని పిలవడేమోననే ఆమె భయం. నాన్న పోయాక వాణ్ణి చంకనేసుకుని తిరిగిన మనిషి. ఏడుస్తూనే మిషను తొక్కింది, ఒక్క సంచిక కూడా కుట్టకుండా వదల్లేదు.

పత్రిక ఊరంతా పాకింది. తమ్ముడు బట్టలు సర్దుకుని దరువు బాబాయి ఇంటికి పోయాడు. స్టేజీ బట్టల ఆర్డర్లు ఒక్కొక్కటే రద్దయ్యాయి. తల్లి అన్నం పెడుతూనే ఉన్నా మాటలు మానేసింది. కత్తెరక్క ప్యాంట్ల పొడుగు తగ్గిస్తూ, జిప్పులు మారుస్తూ రెండో సంచిక మొదలుపెట్టింది.

తమ్ముడి తర్వాతి కచేరీనాడు చెప్పినట్టే పక్క సందులో, హాలువాళ్లు కొత్తగా పెట్టిన జనరేటరు పక్కన నిలబడింది. మొదటి పాట సగంలో ఎవడో "ట్రాకు ఆపు!" అని అరిచాడు. పదిమంది అందుకున్నారు. సంగీతం ఠక్కున ఆగింది. యజమాని మైకులో ఏదో సర్దిచెప్పబోయాడు. అంతలో తమ్ముడి గొంతు వినబడింది: "ఆపించింది నేనే. బాబాయ్, మొదట్నించీ."

పాడాడు. రెండో చరణంలో గొంతు చీలింది. ఎవరో నవ్వారు. ఆగి, ఆ లైనే మళ్లీ ఎత్తుకుని పైకి వెళ్లి అక్కడే నిలబడ్డాడు. సందులో కత్తెరక్క గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గర్వంతో ఏడుస్తున్నానని ఆమెకు తెలుసు.

మూడు రోజులకు వాడు కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. మొహం ఇంకా ముటముటలాడుతూనే ఉంది.

"ఈసారేం రాశావు?"

ఆమె కాగితం చేతికిచ్చింది. అక్కననే జాలి అందులో ఎక్కడా లేదు. రెండో చరణంలో గొంతు చీలడం ఉంది, మళ్లీ అందుకోవడం ఉంది, మూడో పాటలో ఊపిరి చాలకపోవడం ఉంది. వాడు నిలబడే చదివాడు, మళ్లీ మొదటికొచ్చి చదివాడు.

"మూడో పాట కాదక్కా, నాలుగోది. మూడోది శుభ్రంగా పాడాను. ఆ జనరేటరు మోతలో నీకేం వినబడిందో ఏమో. రాస్తే సరిగ్గా రాయి."

ఆమె పెన్ను అందుకుని, వాడు చూస్తుండగానే మూడు కొట్టేసి నాలుగు వేసింది.