ఒకసారికి ఒక్క పనే

మా వదిన ఒకేసారి రెండు పనులు చేయగా చూసినవాళ్లు ఈ భూమి మీద లేరు. ఆవిడ టీ తాగుతుంటే టీయే తాగుతుంది. మాట్లాడదు, వినదు, తల కూడా ఊపదు. అంట్లు తోముతుంటే అంట్లే. మా అన్నయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇదిగో, తాళాలెక్కడ?" అని అరిస్తే, చేతిలో గిన్నె తళతళలాడేదాకా తోమి, కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకుని, అప్పుడు పూర్తిగా ఇటు తిరిగి, "ఏదో అడిగినట్టున్నారు?" అంటుంది. అప్పటికి అన్నయ్య తాళాలు తనే వెతుక్కుని, ఆఫీసుకు వెళ్లి, సగం పని చేసేసి ఉంటాడు.

"కొంప అంటుకుంటే మీ వదిన బకెట్టు వెతకదే. ముందు మంట ఏ రంగులో ఉందో నిదానంగా చూస్తుంది" అనేవాడు నాతో.

"అంటుకుందో లేదో చూసుకోవద్దా?" అనేది వదిన.

పొయ్యి మీద పాలు పెడితే, పాలనే చూస్తూ నిలబడేది. ఆవిడ కాపురానికి వచ్చాక మా ఇంట్లో పాలు పొంగిపోయిన జ్ఞాపకం ఎవరికీ లేదు. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు.

నా ఖర్మకొద్దీ మేమిద్దరం ఒకే చోట పనిచేసేవాళ్లం. ఊళ్లోని పెద్ద బస్ స్టేషన్‌లో, పోగొట్టుకున్న సామాన్లు వెతికి ఇచ్చే గది అది. ముందు రెండు కిటికీలు, ఒకటి వదినది, ఒకటి నాది. వెనక ఇనప అరల నిండా గొడుగులు, సూట్‌కేసులు, ఒంటి చెప్పులు, ఎవరిదో పళ్లసెట్టు. నేను అష్టావధానిని. చెవికీ భుజానికీ మధ్య ఫోను, ఒక చేత్తో కంప్యూటరు, ఇంకో చేత్తో అన్నం, నోటితో సమాధానం. వదిన పక్కన కూర్చుని పనిచేయడమంటే ఎడ్లబండి వెనక అంబులెన్సు నడపడమే.

ఒకసారి ఒకాయన రొప్పుతూ ఆవిడ కిటికీ మీద వాలాడు.

"అమ్మా, నా సంచి! బస్సులో మర్చిపోయా! నీలం... కాదు, ఆకుపచ్చ..."

"అలాగేనండి. ముందు మీ పాదాలు ఎక్కడున్నాయో చూసుకోండి."

"పోయింది పాదాలు కాదమ్మా, సంచి!"

"తెలుసండి. అయినా ఒక్కసారి చూడండి. నేల మీదే ఉన్నాయా?"

ఆయన అనుమానంగా కిందికి చూశాడు. "ఉన్నాయి."

"నేల చల్లగా ఉందా?"

"చెప్పులు వేసుకున్నా కదమ్మా!"

"సరే, ఊపిరి మెల్లిగా వదలండి. ఇంకొంచెం. ఆ, ఇప్పుడు చెప్పండి, బస్సులో ఎటువైపు కూర్చున్నారు?"

ఆయనకు సంచి రంగు, అది పెట్టిన చోటు, పక్కన కూర్చున్నావిడ చీర అంచుతో సహా గుర్తొచ్చేశాయి. మరొకావిడకైతే, పాదాలు చూసుకుంటుండగా, పోయిందనుకున్న బ్యాగు తన భుజానికే వేలాడుతూ కనిపించింది. మా సూపర్‌వైజరు మాత్రం తల కొట్టుకునేవాడు. "ఇది సామాన్ల గదా, ఆశ్రమమా?"

నా మీదా ఆ విద్య ప్రయోగించేది.

"అమ్మాయ్, అన్నం తినేటప్పుడు అన్నం తిను."

"తింటూనే ఉన్నాగా వదినా."

"అయితే ఏం కూర?"

డబ్బాలోకి తొంగి చూస్తే గానీ చెప్పలేకపోయాను. నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ మధ్య నా పరిస్థితి ఏమీ బాగాలేదు. మోగని ఫోను మోగినట్టుండేది. కారణం లేకుండా గుండె దడదడలాడేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి తీరికేదీ?

ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. బస్సులు దారులు మార్చుకున్నాయి. ఎవరి సామాను ఏ బస్సులో ఉందో దేవుడికెరుక. రెండు కిటికీల ముందూ తడిసిన జనం. ఒక భారీ మనిషి నా కిటికీ చెక్క మీద గుద్దుతూ, "ఎర్ర పెట్టె! ఎర్ర పెట్టె అంటుంటే!" అని ఒకటే కేకలు. నాకు చెవిలో ఒక ఫోను, చేతిలో ఇంకోటి. ఉన్నట్టుండి తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. ఎంత పీల్చినా ఊపిరి అందలేదు.

ఆ క్షణాన వదిన టీ తాగుతోంది. గ్లాసు సగంలో కింద పెట్టేసింది! నాకు ఊపిరాడకపోవడం కన్నా అది చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

నా కిటికీ మూసేసింది. రెక్క పట్టుకుని వెనక బల్ల మీద కూర్చోబెట్టింది. "ఏమీ చేయకు. గోడకి ఆనుకో. వాన చప్పుడు విను, చాలు" అని వెళ్లిపోయింది.

"ఆ వరసలో వాళ్లంతా ఇటు రండి!"

తర్వాత జరిగింది చెబితే మా అన్నయ్య ఇప్పటికీ నమ్మడు. రెండు చెవులకీ రెండు ఫోన్లు. వేళ్లు కంప్యూటరు మీద. "అన్నగారూ, పెట్టెలో ఏముందండీ? అమ్మగారి మందులా? ఆవిడ ఎక్కడ? బయట తడుస్తున్నారా! ముందు లోపలికి తీసుకురండి. హలో, డిపోనా? ఎర్ర పెట్టె, వెనక సీటు కింద చూడండి. అమ్మా, మీ గొడుగు అది కాదు, పక్కది. బాబూ, సంతకం ఇక్కడ." సూపర్‌వైజరు తెరిచిన నోరు మూయలేదు.

నాకు ముందు నా గుండె చప్పుడే వినిపించింది. కాసేపటికి రేకు మీద వాన. ఆ తర్వాత గొట్టంలోంచి నీళ్లు కారుతున్న సన్నటి చప్పుడు. అది వింటూ వింటూ ఉండగా, ఊపిరి ఎప్పుడు వచ్చి చేరిందో నేను గమనించనే లేదు. ఎర్ర పెట్టె వచ్చింది. పెద్దావిడ మందు వేసుకుంది. ఆ భారీ మనిషి కొంగు తడిసిన తల్లికి తన రుమాలిచ్చి, వదినకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

సాయంత్రం వాన వెలిశాక బస్టాపు బల్ల మీద కూర్చున్నాం.

"వదినా, నీకు ఇన్ని పనులు ఒకేసారి చేయడం వచ్చా?"

"రాకేం? మీ అన్నయ్యతో, మీ అందరితో వేగట్లేదూ?"

"మరి ఇన్నాళ్లూ ఆ నత్తనడక దేనికి?"

"హడావిడిలో ఉన్నవాళ్లకి ఎవరైనా మనసులో మాట చెప్పుకుంటారా? పాపం పనిలో ఉందిలే అని వెళ్లిపోతారు. చేతిలో పని ముగించుకుంటే, మనిషి వైపు పూర్తిగా తిరగొచ్చు. అప్పుడు గానీ వాళ్లు నోరు విప్పరు."

నిజమే. ఎంత వేళాకోళం చేసినా, ఉద్యోగం ఊగిసలాడినప్పుడు అన్నయ్య ముందు చెప్పుకున్నది ఆవిడకే. చెవి సరిగ్గా వినబడటం లేదని నాన్న ఒప్పుకున్నదీ ఆవిడ దగ్గరే.

"నువ్వూ చెప్తావని చూస్తున్నా" అంది.

"ఏమిటి?"

"ఆ దడ సంగతి."

"నీకెలా తెలుసు?"

"పక్కనే కూర్చుంటాను కదే. అన్ని పనులూ చేస్తావు గానీ, ఊపిరి తీసుకోవడం ఒక్కటే మర్చిపోతుంటావు."

నాకు నవ్వొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఎక్కడో మొదలుపెట్టాను. మా బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కుతారా, లేదా?" అని కండక్టరు మెట్ల మీంచి కేకేశాడు.

"మీరు వెళ్లండి బాబూ" అంది వదిన, నా మీంచి చూపు తిప్పకుండానే. "మా అమ్మాయి మాట మధ్యలో ఉంది."