ఆలస్యమ్మ సినిమా, రాహేలమ్మ టీచరు

మొన్న సాయంత్రం మా మనవరాలు ఫోనులో ఏదో జపాను బొమ్మల సీరియల్ చూస్తోంది. వంటింట్లో కాకరకాయలు తరుగుతున్న నాకు తరగతి నిండా ఆడపిల్లలు ఒక్కసారిగా పగలబడి నవ్విన చప్పుడు వినిపించింది. భాష తెలియకపోయినా ఆ నవ్వు తెలుసు. చేతులు తుడుచుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒక బడి, చిలిపి పిల్లలు, పెద్దగా ఏమీ జరగని కథ. అయినా చూపు తిప్పుకోనివ్వలేదు. “ఎలా ఉంది అమ్మమ్మా?” అంది. “బొమ్మలు చకచకా నడుస్తున్నాయి, ఎక్కడా విసుగు లేదు. కానీ ఆ కళ్ళజోడు పిల్లని అస్తమానం పడేస్తున్నారేంటే? ఆ పిల్లకి ఇంకేం పని లేదా?” అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, ఆ మాట నాది కాదు. రాహేలమ్మ టీచరుది.

డెబ్బైలలో, తిరువూరులో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు ఆవిడ మాకు లెక్కలు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెదరని నేతచీరలో, ఎండైనా వానైనా నల్ల గొడుగుతో వచ్చేవారు. ఆవిడ నవ్వగా చూశామన్నవాళ్ళు బడిలో ఒక్కరూ లేరు.

నాకేమో నవ్వించడమే పని. బజారులో మా నాన్నగారికి బట్టల కొట్టుండేది. అక్కడి చొక్కాల అట్టపెట్టెకు కిటికీలా కోశాను. పాత క్యాలెండర్ల వెనుక బొమ్మలు వేసి, మైదా జిగురుతో వరసగా అంటించి, రెండు వెదురు పుల్లలకు చుట్టాను. పుల్ల తిప్పుతుంటే కిటికీలో బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. వెనక టార్చిలైటు. గొంతులు మార్చి మాటలన్నీ నేనే చెప్పేదాన్ని. కథ మా బడిదే. గంట కొట్టే అటెండరు నిద్రపోతే సాయంత్రం దాకా లెక్కల పీరియడే నడుస్తుంది. గొడుగు తెరుచుకుని లెక్కల టీచరు గాలిలో తేలిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువ నవ్వు తెప్పించేది ఆలస్యమ్మ. ఆ పిల్ల రోజూ లేటుగా వస్తుంది, గడప తట్టుకుని పడుతుంది, క్యారేజీ దొర్లిపోతుంది. ఆలస్యమ్మ ఎవరో అందరికీ తెలుసు. వినగడప నుంచి బస్సులో వచ్చే దీనమ్మ.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ, కిటికీలు మూసిన తరగతిలో సినిమా ఆడిస్తున్నాను. ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే గుమ్మంలో రాహేలమ్మ టీచరు. ఆవిడ లోపలికొచ్చి, చివరి బెంచీలో కూర్చుని, “మొదట్నుంచి తిప్పు” అన్నారు. తిప్పాను. గొడుగు బొమ్మని గబగబా తిప్పేశాను. ఆవిడ మాత్రం కదలకుండా చివరిదాకా చూసి, నా దగ్గరికొచ్చి నోటుబుక్కు తీసుకుని కాగితం మధ్యలో గీత గీశారు.

“మంచివి ముందు చెప్తాను. ఏ బొమ్మా అవసరానికి మించి నిలబడలేదు. అటెండరు నిద్ర బాగుంది. గొడుగూ బాగుంది, కానీ నేను పట్టుకునేది ఎడమ చేత్తో. సరిగ్గా చూడలేదు నువ్వు.”

క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. ఆవిడ గీతకు అవతల రాయడం మొదలుపెట్టారు.

“ఇక లోపాలు. పిల్లలందరిదీ ఒకటే మొహం, జడలే వేరు. ఆలస్యమ్మ నాలుగుసార్లు పడింది. మొదటిసారి అందరూ బొమ్మని చూసి నవ్వారు. తర్వాత దీనమ్మని చూసి నవ్వారు. పడటం తప్ప ఆ పిల్లకి ఇంకేం పని లేదా?”

బెంచీల వైపు చూశాను. దీనమ్మ తల వంచుకుని క్యారేజీ మూత తిప్పుతోంది.

మర్నాడు దీనమ్మ బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక టీచరు నేరుగా మా కొట్టుకొచ్చారు. “మీ అమ్మాయిని వినగడప తీసుకెళ్తానండి. సాయంత్రానికి దిగబెడతాను” అన్నారు. నాన్నగారు సరేనన్నారు. దారంతా బస్సులో ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నారు. తిట్టినా బాగుండుననిపించింది.

దీనమ్మ వాళ్ళమ్మ మిరప చేలో కూలికి వెళ్ళింది. దీనమ్మ ఒక్కతే వాకిట్లో గిన్నెలు తోముతోంది. టీచరు అరుగు మీద కూర్చుని నా వైపు చూశారు. నేను తడబడుతూ, “తప్పయిపోయింది దీనమ్మా” అన్నాను.

“నేనొక్కసారి కూడా పళ్ళేదు. పడ్డట్టు ఎందుకేశావ్?”

“నవ్వొస్తుందని.”

“లేటెందుకవుతుందో నన్నడిగితే ఇంకా నవ్వొచ్చేదిగా!” అంది కోపంగా.

“అయితే చెప్పమ్మా” అన్నారు టీచరు.

దీనమ్మ మసిచేతులు కడుక్కుని లేచింది. రోజూ ఒక మామ్మ గంపలో కోళ్ళేసుకుని బస్సెక్కుతుందట. కండక్టరుకు కోళ్ళంటే భయం. ఒక కోడి గంపలోంచి బయటపడితే చాలు, ఆయన సీటెక్కి నిలబడతాడు. భయంతో విజిలు నోట్లోకి పోదు. విజిలు వినపడందే డ్రైవరు కదలడు, కోడి దొరకందే కండక్టరు దిగడు. మామ్మ మాత్రం “అదేం చేస్తదయ్యా, నీ టికెట్లు తింటదా?” అంటుంది. దీనమ్మ కండక్టరయింది, మామ్మయింది, కోడయింది. నేను పడీపడీ నవ్వాను. పక్కన ఏదో వింత చప్పుడైతే తిరిగి చూశాను. రాహేలమ్మ టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు.

సోమవారం దీనమ్మ బడికొచ్చింది, లేటుగానే. ఇద్దరం కలిసి కొత్త సినిమా చేశాం. ఆమె చెప్పేది, నేను గీసేదాన్ని. కోడి ముక్కు తప్పని మూడుసార్లు చెరిపించింది. దాన్ని బడి వార్షికోత్సవంలో ఆడించమన్నారు టీచరు. ఆరోజు సరిగ్గా కండక్టరు సీటెక్కే చోట కాగితం చిరిగి పుల్లకు చుట్టుకుపోయింది. పెట్టె వెనక నేను చిక్కు విప్పబోతే ఇంకా చిరిగింది. జనం గోల మొదలెట్టారు. అప్పుడు దీనమ్మ పెట్టె ముందుకొచ్చి, కుర్చీ లాక్కుని ఎక్కి, లేని విజిలు ఊదబోయింది. ఆ తర్వాత బొమ్మల అవసరమే రాలేదు. నేనూ బయటికొచ్చి, చిరిగిన కాగితం చేత్తో పట్టుకునే, అందరితో పాటు నవ్వుతూ చూశాను. టీచరు నా భుజం మీద చెయ్యేసి, “ఇవాళ చూడ్డం వచ్చింది నీకు” అన్నారు.

మరుసటేడు ఆవిడకు బదిలీ అయింది. మళ్ళీ కలవలేదు. నేను పిల్లల పత్రికలకు ముప్పై ఏళ్ళు హాస్యపు బొమ్మలు వేశాను. ఇప్పటికీ ఏ బొమ్మ వేసినా ముందు ఇంట్లో నలుగురికీ చూపిస్తాను. నవ్వినవాళ్ళను వదిలేసి, నవ్వనివాళ్ళెవరో చూసి వాళ్ళ పక్కన కూర్చుంటాను. “ఏం, ఎందుకు నవ్వలేదు?” అని అడుగుతాను. చాలాసార్లు నా బొమ్మకన్నా మంచి కథ వాళ్ళ దగ్గరే దొరికింది.