నల్లాకు మంకీ క్యాపు

ఇంటర్ రెండో సంవత్సరం చదివే రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. తెలియనివాళ్లంతా ఏరికోరి మా ఇంట్లోనే పుట్టారని నా గట్టి నమ్మకం. ఆ వరసలో మొదటి మనిషి మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి. ఆమె చదువు ఒకటో తరగతిలోనే ఆగిపోయింది. (పలక పగిలిందని మానేశానని ఆమే చెప్పేది. పగలగొట్టింది ఎవరని అడిగితే మాత్రం మాట మార్చేది.) నేనేమో సైన్సు గ్రూపు, చేతిలో ఫోను, ఫోనులో లోకజ్ఞానం. ఇంటికి అంతకంటే పెద్ద ప్రమాదం ఉండదని ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు నన్ను నేను చూసుకుని నేనే మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు డిసెంబరులో మా నారాయణఖేడ్‌లో చలి మామూలుగా లేదు. పొద్దున బస్టాండు దగ్గర చాయ్ గ్లాసు పట్టుకున్నవాళ్లు తాగడం మరిచిపోయి చేతులు కాచుకుంటూ నిలబడేవాళ్లు. ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగిందని టీవీలో చెప్పినప్పుడల్లా నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది, ఎందుకంటే నాలుగు రోజుల కిందటే ఫోనులో ఒక వీడియో చూశాను. ఎక్కడిదో మంచు దేశం. లావుపాటి కోటు వేసుకున్న ఒకాయన, చలికి పైపుల్లో నీళ్లు గడ్డకడితే పైపులు పగిలి ఇల్లంతా మునుగుతుందనీ, పైపులకు గుడ్డలు చుట్టాలనీ, రాత్రంతా నల్లాలు సన్నగా కారుతూ ఉండాలనీ చేతులు తిప్పుతూ చెప్పాడు. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయని మా లెక్చరరూ చెప్పాడు. ఇక మిగిలింది రుజువు. అదీ దొరికింది. క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే మా స్నానాల గదిలో కొబ్బరినూనె సీసా తిరగేస్తే చుక్క పడలేదు. ఈ రోజు నూనె, రేపు నీళ్లు! (కొబ్బరినూనె ప్రతి చలికాలం గడ్డకడుతుందనీ, ప్రతి ఏడాదీ మేం దాన్ని ఎండలో పెడుతున్నామనీ నా సైన్సుకు గుర్తు రాలేదు.)

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది, కొడుకు పుట్టాడు, వాడికి మూడో నెల. ఐదో నెల దాకా ఉండి వెళ్లాలని ఆమె ఆశ. కానీ మనూరు దగ్గరి పల్లెలో ఉండే వాళ్ల అత్త (మేమంతా ఆమెను మనూరు అత్త అంటాం) ముందునుంచీ ఒకటే పాట. "మీ ఖేడ్‌ల నల్లా మూడు దినాలకొకపారి వస్తది. పసిపిల్లగాడున్న ఇల్లు, బట్టలెట్ల ఉతుకుతరు, తానాలెట్ల పోస్తరు? మా ఇంటికి తోల్కపోత" అని ఫోనులో అననే అంది. మా నాన్న బతిమిలాడితే చివరికి ఒక మాట మీదికి వచ్చింది. "క్రిస్మస్‌కు పిల్లగానికి బాప్తిస్మం గద, నేనొస్త, నా కండ్లతోని చూస్త. నీళ్ల తిప్పలు కనవడ్డయో, ఆ దినమే తల్లిని పిల్లగాన్ని బండెక్కిస్త." ఆ మాట విన్నప్పటినుంచి అక్క సరిగ్గా తినలేదు. పిల్లాడి బట్టలు మడత పెట్టడం, మళ్లీ విప్పడం, అదే పని.

అందుకే క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం నల్లా వచ్చినప్పుడు మా ఇంట్లో సగం పండుగ అప్పుడే అయిపోయింది. మిద్దె మీది ట్యాంకు మూతిదాకా నిండింది. బాపమ్మ ఆ వయసులో మెట్లెక్కి, మూత తీసి, చేయి ముంచి చూసి మరీ దిగింది. "ఇగ మనూరామె రానీ" అంది. మళ్లీ నల్లా వచ్చేది పండుగ దాటిన రెండో రోజు.

సాయంత్రం నేను రంగంలోకి దిగాను. పాత దుప్పట్లు, గోనె సంచులు, నాన్న మఫ్లరు, అన్నీ పోగుచేసి మిద్దె మీంచి వాకిలి దాకా పైపులన్నిటికీ చుట్టి సుతిలి తాడుతో కట్టాను. పైపు వంగే చోట ఉండే ముక్కను ప్లంబర్లు ఎల్బో అంటారు కదా, దానికి బాపమ్మ మెరూన్ స్వెట్టరు చేయి సరిగ్గా మోచేతి దగ్గర సరిపోయింది. నా తెలివికి నేనే ముద్దు పెట్టుకోవాలనిపించింది. వాకిట్లో నిలువెత్తు పైపుకు ఉన్న నల్లాకు తాత వదిలివెళ్లిన మంకీ క్యాపు తొడిగి, మెడ దగ్గర శాలువా కప్పాను. ఇక మిగిలింది నల్లాలు కారేటట్టు వదలడం. అంత పెద్ద పనికి పెద్దల అనుమతి ఉంటే మంచిదని వంటింట్లోకి వెళ్లాను. బాపమ్మ చలికి చెవుల మీదుగా తువ్వాల బిగించుకుని, బగారా అన్నానికి మసాలాలు ఏరుతోంది.

"బాపమ్మా, చలికి పైపులు పగుల్తయట. నల్లాలు జరంత కారేటట్టు పెట్టాల్నా?"

ఆమె తల కూడా ఎత్తలేదు. "ఏ, పనిలేదానె నీకు? నల్లా ఇడిసిపెట్టుపో!"

ఇడిసిపెట్టు అంది. నల్లా ఇడిసిపెట్టు. మునిసిపాలిటీవాళ్లు నీళ్లు వదిలితే మేము "నల్లా ఇడిసిన్రు" అనమా? అదే మాట. పెద్దామె నోటితో అనుమతి వచ్చేసింది. వంటింట్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి, మిద్దె మీద ఒకటి, వాకిట్లో మంకీ క్యాపు కింద ఒకటి, నాలుగూ విప్పాను. చుక్కలు చుక్కలుగా అయితే నమ్మకం కుదరక, సన్నటి ధారగా పెట్టాను. ఇల్లు కాపాడిన మనిషికి వచ్చే నిద్ర వచ్చింది నాకు.

తెల్లవారుజామున బాపమ్మ గొంతు విని మెలకువ వచ్చింది. వాకిట్లో ఎవరితోనో మర్యాదగా మాట్లాడుతోంది. "వందనాలయ్యా! గింత చలిల బయట నిలవడ్డవేంది? లోపటికి రా, చాయ్ తాగుదువు." జవాబు లేదు. "ఎవలయ్యా నువ్వు, మనూరోళ్లవా?" అంటూ దగ్గరికి వెళ్లి భుజం మీద చేయి వేసింది. శాలువా జారింది. ఆ తర్వాత వచ్చిన కేకకు పక్కింట్లో కూడా దీపాలు వెలిగాయి.

కిందపడ్డ శాలువా మొత్తం తడి. నల్లా కింద బురద. నల్లాలోంచి మాత్రం ఏమీ రావడం లేదు, కారడానికి ఏమీ మిగల్లేదు. నాన్న మిద్దెక్కి ట్యాంకు మూత తీసి, ఖాళీ అడుగును చూసి దిగొచ్చాడు. అమ్మ గోడకు చేరగిలబడింది. అక్క పిల్లాడిని ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వచ్చి నావైపు చూసింది. తిట్టినా బాగుండేది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతే. (ఇంట్లో ఆ పూట వచ్చిన నీళ్లు అవొక్కటే.)

"నువ్వే గద బాపమ్మా ఇడిసిపెట్టుమన్నవ్!" అన్నాను ఏడుస్తూ.

"ఇడిసిపెట్టు అంటే దాని జోలికి పోకన్ననే, పిస్స పిల్లా!"

నాన్న ట్యాంకరుకు ఫోను చేశాడు, పండుగ పూట ఎవరూ ఎత్తలేదు. వాటర్ ప్లాంటు ఆయన మా చర్చివాడే, అది బందు. ఇరుగుపొరుగును అడుగుదామా అంటే, వాళ్లకూ రావాల్సింది మాతోపాటే ఎల్లుండి. పైగా బిందె పట్టుకుని గల్లీలో తిరిగితే మనూరు అత్త బస్సు దిగకముందే ఆమెకు కబురు అందుతుంది. ముప్పై మంది భోజనానికి వస్తారు. ఇంట్లో ఉన్నవి రెండు బిందెలు, తాగడానికి తెచ్చిన రెండు క్యాన్లు, స్నానాలకు నీళ్లు కాచే కాగు, వాకిట్లో సగం గోలెం. అంతే. బాపమ్మ వాటిని ఒక్కొక్కటీ చూసుకుంటూ తిరిగింది. చెవుల మీది తువ్వాల విప్పి నడుముకు చుట్టింది.

"చాలు" అంది. "ఎవలు గుడ నోరు తెరవొద్దు. నేను చెప్పినట్టు చెయ్యిన్రి."

ఆ రోజు నేను చూసింది ఈ జన్మకు మరిచిపోను. మొదటి స్నానం పిల్లాడిది. వాడిని ఒళ్లో వేసుకుని, కింద బేసిన్ పెట్టి, నలుగు పెట్టి మరీ రెండే చెంబుల వేడినీళ్లు పోసింది. బేసిన్‌లో పడ్డ నీళ్లతో ఇల్లు తుడవమంది. తుడిచిన నీళ్లు పారబోయబోతే చేయి పట్టుకుని లెట్రిన్ బకెట్‌లో పోయించింది. మిగతావాళ్లకు తలా ఒక చెంబు, "గీ చలిల ఎవలు మునుగుతరు? మొఖం, చేతులు, కాళ్లు, అయిపాయె" అంది. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు కడిగింది. ముందు బూడిదతో పొడిగా తోమి, గుడ్డతో తుడిచాకే ఆ నీళ్లు తగిలించింది. మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి, చిన్న గిన్నెడు నీళ్లలో పిండి తీస్తే, నాలుగు బిందెలు పోసి కడిగినా రాని శుభ్రం వచ్చింది. నేను బకెట్లు మోస్తూ ఆమె వెనకాల తిరిగాను. ప్రతి నీటికీ ఆమె దగ్గర రెండో పని ఉంది, రెండోది అయ్యాక మూడోది ఉంది. మా పుస్తకంలో నీటి గురించి ఒక పాఠమంతా ఉంది కానీ, అందులో ఈ మనిషి లేదు. నాకు భయం పోయింది.

చర్చిలో అయ్యగారు గిన్నెలో వేళ్లు ముంచి పిల్లాడి నుదుటి మీద మూడుసార్లు నీళ్లు చల్లాడు. ఎన్నో బాప్తిస్మాలు చూశాను కానీ, ఆ చుక్కలు అంత విలువగా ఎన్నడూ కనబడలేదు. ముక్కు మీదుగా జారి చెవి దగ్గర ఆగిన చుక్కను కూడా చూశాను. పక్కకు తిరిగితే బాపమ్మ చూపూ అక్కడే ఉంది. (తర్వాత ఆ చూపు గిన్నెలో మిగిలిన నీళ్ల మీదికి వెళ్లింది. ఆమె ఏమనుకుందో దేవుడికి తెలుసు, నాకూ కొంచెం తెలుసు.)

భోజనాల వేళకు మనూరు అత్త గుమ్మంలో అడుగుపెట్టింది. ముందుగా కనబడింది మంకీ క్యాపే, ఎవరికీ తీసే తీరిక లేదు మరి. "గిదేంది, నల్లాకు టోపీ?" అంది. "మా పిల్ల సైన్సు సదువుతుంది" అంది బాపమ్మ, అందులోనే అంతా ఉన్నట్టు. ఆ తర్వాత నడిచింది మర్యాదల వరద. నల్లా దగ్గరికి పోబోయిన వాళ్లందరినీ ఆపి, "మీరు పండుగ చుట్టాలు, మీ చేతులకు నేనే పోస్త" అని గోరువెచ్చటి నీళ్లు సన్నగా పోసింది, కింద నేను గంగాళం పట్టాను. చలికి ఆ వేడి తగలగానే ప్రతివాళ్లూ "అబ్బ!" అన్నారే తప్ప, ఇంకొంచెం పొయ్యమన్నవాళ్లు లేరు. కంచాలకు బదులు విస్తరాకులు వచ్చాయి. "పండుగ బువ్వ ఆకుల తింటెనే రుచి" అంది. గ్లాసులు సగం దాకే నింపి, అడిగినవాళ్లకు పరుగెత్తి మళ్లీ పోయించింది. "ఎంత చూసుకుంటున్నరమ్మా!" అని మనూరు చుట్టాలు మెచ్చుకుంటుంటే, అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనూరు అత్త మాత్రం అన్నీ చూస్తూ తిన్నది.

వెళ్లేముందు ఆమె వెనక వాకిట్లోకి వచ్చింది. బాపమ్మ గంగాళంలోని చేతులు కడిగిన నీళ్లు బకెట్‌లోకి వంచుతోంది, నేను బకెట్ పట్టుకున్నాను. దాచడానికి అడ్డం లేదు, చెప్పడానికి సాకు లేదు.

"పెద్దమ్మా, ట్యాంకుల నీళ్లు ఎప్పుడు ఒడిసినయ్?" అంది.

నేను బకెట్ వెనక్కు లాక్కోబోయాను. బాపమ్మ మాత్రం వంచడం ఆపలేదు. "తెల్లారెవరకు. నీకెట్ల తెలిసె?"

"మాది మనూరు దిక్కు. ఎండకాలం నా ఇంట్ల చుట్టాలొస్తె నేను గుడ గిట్లనే చేతులకు నేనే పోస్త, కింద బేసిన్ వెడ్త. నీళ్లు లేకనే అట్ల చేస్తనని నా కోడలుకు గుడ ఎరుకలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది ఎవరో నాకు గుర్తులేదు. ఇద్దరి నవ్వూ ఆగలేదు, మనూరు అత్త నవ్వుకు కళ్లు తుడుచుకుంటూ గంగాళం రెండో చెవి పట్టుకుని తనే వంచింది. ఒక్క చుక్క బయట పడలేదు.

"పిల్లను ఐదో నెలదాక ఈడనే ఉంచున్రి" అంది. "నీళ్లనే గింత పానంగ చూసుకునేటోళ్లు, నా మనుమణ్ణి చూసుకోరా!" గుమ్మం వెనకనుంచి అక్క వింటూనే ఉంది. ఆ రాత్రి మిగిలిన బగారా అన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

ఆ పిల్లాడు ఇప్పుడు ఒకటో తరగతి. బాపమ్మ లేదు. నేను సంగారెడ్డిలో ఉద్యోగం చేస్తూ, నల్లా తిప్పితే ఎప్పుడూ నీళ్లు వచ్చే అద్దింట్లో ఉంటున్నాను. ఆ మెరూన్ స్వెట్టరు నా దగ్గరే ఉంది. కుడిచేయి మోచేతి దగ్గర పైపు ఎల్బో వంకర ఇంకా పోలేదు, ఎన్నిసార్లు ఉతికినా అట్లాగే నిలబడుతుంది. డిసెంబరులో దాన్ని వేసుకుని గిన్నెలు కడగబోతాను, చేయి దానంతట అదే బియ్యం కడిగిన నీళ్ల కోసం వెతుకుతుంది. ఆఫీసులో ఏదైనా మాట పెరిగినప్పుడు ఎవరో ఒకరు "ఇడిసిపెట్టు" అంటారు. నేను లేచి వెళ్లి, అక్కడి నల్లా ఒకసారి గట్టిగా బిగించి వస్తాను.