చెలమ చుట్టూ ఊడ్చిన ఇసుక

ఏ అభయారణ్యం పేరెత్తినా "వెళ్ళొచ్చాను" అనడం నాకో జబ్బు. జీపుల్లో తిరిగాను, పడవల్లో తిరిగాను, ఏనుగు వెనకభాగం మాత్రమే కనబడితే దానికి కూడా ఫొటో తీశాను. ఈ గొప్పలు విని విని విసిగిపోయిన నా స్నేహితురాలు ప్రభావతి, వెల్దుర్తి బళ్ళో టీచరు, ఒకరోజు ఫోన్లో అడిగింది: "నరసరావుపేటలో పుట్టి పెరిగావు, మా ఊరి వెనక అడవి ఎప్పుడన్నా చూశావటే?" చూడలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, పెరటి అడవి నా కంటికి ఆనలేదు. సిగ్గేసింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

నరసరావుపేట నుంచి మాచర్లకు పిడుగురాళ్ళ, గురజాల మీదుగా బస్సులో మూడు గంటలు వేసుకోండి. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ సున్నా. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళకు నడికుడి మీదుగా రైలు కూడా ఉంది. రాత్రికి మాచర్ల బస్టాండు దగ్గర లాడ్జిలో ఏడు వందలకు గది తీసుకున్నాను. వెల్దుర్తికి పగటిపూట షేరు ఆటోలు తిరుగుతాయి గానీ తెల్లవారుజామున దొరకవు. అందుకని ప్రభావతి మాట్లాడిపెట్టిన కరీం ఆటోలో ఐదింటికల్లా ఎక్కాను. అడవి అంచు దాకా తీసుకెళ్ళడానికి ఎనిమిది వందలు. రేంజి ఆఫీసు అనుమతి కాగితం ప్రభావతే ముందుగా తెప్పించి ఉంచింది.

దారిలో కరీం చెప్పుకొచ్చాడు. ఈ అంచున నాలుగు ఊళ్ళు, ఊరికొక చెలమ. చెలమ అంటే వాగు ఇసుకలో తవ్వుకున్న నీళ్ళ గుంట. నాలుగు ఊళ్ళకూ కలిపి ఒకటే కమిటీ, అందులో ఫారెస్టు వాళ్ళూ ఉంటారు. వేసవిలో అగ్గి అంటుకోకుండా ఎండుగడ్డి చెక్కేదీ, వేటగాళ్ళ ఉచ్చులు ఏరి పారేసేదీ ఈ ఊళ్ళవాళ్ళే.

"మరి నీళ్ళు ఎవరివి?" అన్నాను.

"పొద్దున పదింటి దాకా మేకలయ్యి మేడమ్. ఆ తర్వాత అడివి జంతువులయ్యి. సాగర్ కాలవకి వంతులేసుకోమా? అట్టనే."

నాకు భలే నచ్చింది. దేశమంతా తిరిగాను గానీ, జంతువుకు వంతు వేసిన ఊరు ఎక్కడా చూడలేదు.

ఆరు కాకముందే వాగు దగ్గర ఆటో ఆపి, "ఇక్కడే ఆగండి మేడమ్, అక్క వస్తది" అని కరీం ఎవరికో ఫోన్ చేయడానికి సిగ్నల్ వెతుక్కుంటూ గట్టెక్కాడు. ఆగమంటే ఆగే రకమా నేను? చెలమ నలభై అడుగుల దూరంలో మెరుస్తోంది. చుట్టూ ఇసుక ఎవరో అలికినంత నున్నగా ఉంది. కొత్త బూట్లతో నేరుగా వెళ్ళి, వంగి నీళ్ళు ముట్టుకుని, చుట్టూ ఒక రౌండు కొట్టి, నాలుగు ఫొటోలు తీశాను.

"ఏందమ్మా నువ్వు చేసిన పని?"

వెనక్కి తిరిగాను. అరవై ఏళ్ళ ఆవిడ, మెడలో నల్లదారానికి చిన్న శిలువ, చేతిలో కర్ర, వెనక ఇరవై రెండు మేకలు. కరీం "అక్క వస్తది" అన్నది ఈవిడ గురించే, పేరు సువార్తమ్మ. ఈ చెలమ బాధ్యత ఆవిడది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మేకల్ని అక్కడే నిలబెట్టి, ఇసుకలో నా బూటు గుర్తులు చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు తెలిసింది నేను దేన్ని తొక్కానో. మేకలు తాగి వెళ్ళాక రోజూ ఆ ఇసుకను కంపతో ఊడ్చి వదిలేస్తారు. మర్నాడు తెల్లవారేదాకా అటు మనిషి పోకూడదు. రాత్రి ఏ జంతువు వచ్చి తాగిందో పొద్దున్నే ఇసుక మీద చూసి పుస్తకంలో రాస్తారు. నాలుగు చెలమలకూ ఇదే పద్ధతి. ఈ చెలమ ఇసుక మూడు రోజులుగా ఖాళీ. మేకల వాసనకు జంతువులు రావడం మానేశాయని ఫారెస్టు పైవాళ్ళ అనుమానం. ఈ రోజు కూడా అడుగులు కనబడకపోతే ఈ వేసవికి మేకల్ని రానివ్వరు. ఊళ్ళో బోరు ఎండిపోయింది. మేకల్ని మాచర్ల సంతకు తోలడం తప్ప సువార్తమ్మకు దారి లేదు.

నా కాళ్ళ కింద భూమి చీలితే బాగుండనిపించింది.

కరీం పరుగెత్తుకొచ్చి మెల్లగా అన్నాడు: "ఫారెస్టు సారుకి దుప్పి అడుగులు చూశామని చెప్పక్కా. నిజంగా ఉన్నయ్యేమో, ఎవరికి తెలుసు?"

"ఇసకలో లేంది నోటితో చెప్పగూడదు రా. ఆ మాట కమిటీలో పెట్టింది నేనే."

ఆ సారు, ఫారెస్టు బీట్ ఆఫీసరు, బైకు మీద వచ్చాడు. ఆవిడ నోరు తెరిచేలోపు నేనే చెప్పాను: నేను తొక్కాను, ఆగమన్నా ఆగలేదు, తప్పు నాది. ఆయన తలపట్టుకున్నాడు. "చూడంది రాయలేను అక్కా. ఎల్లుండి నా రిపోర్టు పోవాలి. రేపు పొద్దున ఒక్కసారి వస్తా. అంతే" అన్నాడు.

నేను ఆ రోజు తిరిగి వెళ్ళాల్సింది. వెళ్ళలేకపోయాను. మేకలు తాగాక పదింటికి సువార్తమ్మ కంప నా చేతికిచ్చింది. "ఎనక్కి నడుస్తా ఊడువు. ముందుకు నడిస్తే నీ అడుగులే పడతయ్" అంది. అరగంటకు నడుం పట్టేసింది. చివర్లో ఆవిడ కంప తీసుకుని నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. "పేటోళ్ళకి చీపురు పట్టడం చానా కష్టమే" అని నవ్వింది. నవ్వినందుకు ఏడుపొచ్చినంత పనైంది. మధ్యాహ్నం వాళ్ళింట్లో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, పల్చటి మజ్జిగ. డబ్బులివ్వబోతే, "ఏమే, చుట్టాలింట్లో తిని డబ్బులిస్తావా?" అని కసిరింది. రాత్రికి అక్కడే ఉండిపోయాను. పడుకునే ముందు ఆవిడ ప్రార్థనలో దుప్పి పేరు కూడా వినబడింది.

మర్నాడు ఆరింటికి ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాను. ఆఫీసరు, సువార్తమ్మ ఇసుక అంచునే వంగి నడిచారు. కాసేపటికి ఆవిడ చెయ్యెత్తి పిలిచింది.

నీళ్ళ దాకా వెళ్ళి వచ్చిన చిన్న చిన్న గిట్టల జాడ. "దుప్పులు. తల్లీ పిల్లా" అన్నాడు ఆఫీసరు, పుస్తకం తీస్తూ. సువార్తమ్మ మాత్రం నాకు ఇంకోటి చూపించింది. ఒక మూల నా బూటు గుర్తు ఒకటి చెరగకుండా ఉంది. సరిగ్గా దాని మధ్యలో ఒక గిట్ట దిగబడింది.

"ఇది ఎందుకు వదిలావక్కా?"

"మనిషడుగు ఉంటే వస్తదా రాదా చూద్దామని. చూడు, నిన్ను తొక్కుకుంటానే పోయింది."

మేకల వంతు కొనసాగించవచ్చని ఆఫీసరు అక్కడే రాసి సంతకం చేశాడు. మేకలు నీళ్ళకు దిగాయి.

ఇన్నేళ్ళూ అడవిని కాపాడటమంటే మనుషుల్ని బయటపెట్టి గేటు వేయడమనుకున్నాను. ఇక్కడ గేటు లేదు. ఒక ఎండుకంప, ఒక పుస్తకం, తన మేకలు పోతాయని తెలిసీ అబద్ధం ఆడని ఒక మనిషి ఉన్నారు. సువార్తక్కను తలుచుకుంటే నాకు గర్వంగా ఉంది, మా పల్నాడు మనిషని.

మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇసుక ఎంత నున్నగా ఉన్నా దిగకండి. ఆగమన్న చోట ఆగండి. అక్క వస్తుంది.