రెండు పైపుల తేడా

సోమలింగం ఊరొదిలి వచ్చి గోడాదరాలో పన్నెండేళ్లు మరమగ్గాల మీద పనిచేశాడు. ఆ చప్పుడుకు కుడిచెవి మందగించాక మగ్గం వదిలేసి, ఓల్పాడ్ వైపు చమురు బావులు బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. మొదట పైపులు మోశాడు. అంకెలు పొందికగా రాస్తాడని తర్వాత పైపుల లెక్క రాసే పని ఇచ్చారు. పదిహేనేళ్లలో ఒక్క తప్పూ రాయలేదని సైట్లో అందరికీ చెప్పుకునేవాడు.

నిరుడు చలికాలంలో ఒక పాత బావి పని వచ్చింది. అందులోంచి పైకి వచ్చేదాంట్లో నూటికి తొంభై పాళ్లు ఉప్పునీరే. చమురున్న పొర పైన, నీళ్లున్న పొర దాని కింద ఉన్నాయి. కింది పొరను సిమెంటుతో మూసేస్తే నీళ్లు ఆగుతాయన్నాడు సూపర్‌వైజర్ హితేశ్‌భాయ్. ఆ సిమెంటును పైపుల గుండా పంపుతారు. ఎంత లోతుకు చేరిందో తెలిసేది దింపిన పైపుల లెక్కను బట్టే.

పైపులు దింపుతుండగా, సోమలింగమే మగ్గం పని మాన్పించి ఇక్కడ పెట్టించిన బిక్షపతి వచ్చి, బాగా వినపడే ఎడమచెవి పక్కన నిలబడ్డాడు.

"బావా, రెండు పైపులకు మరలు కరాబైనయి. పక్కకు పెట్టిన. లెక్కల కొట్టెయ్."

అప్పుడు సోమలింగం కొత్త ఇంజనీరుకు తన పని గొప్పగా వివరిస్తున్నాడు. సరేనన్నట్టు చెయ్యెత్తాడు. మాట ముగించాక కొట్టేద్దామనుకుని మరిచిపోయాడు.

దింపని రెండు పైపులు లెక్కలో ఉండిపోవడంతో సిమెంటు ఇరవై మీటర్లు పైన పడింది. మూసుకుపోయింది చమురు పొర. వారం తర్వాత బావి తెరిస్తే చమురు చుక్క రాలేదు. పక్కన పెట్టిన ఆ రెండు పైపులు కనబడ్డాక హితేశ్‌భాయ్ ఇద్దరినీ పిలిచాడు.

"నేను చెప్పిన సాబ్" అన్నాడు బిక్షపతి.

"నాకు వినపడలే" అన్నాడు సోమలింగం.

అతని చెవి సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనుమానించలేదు. వినపడనివాడికి గట్టిగా ఎందుకు చెప్పలేదని హితేశ్‌భాయ్ బిక్షపతినే తిట్టి, పనిలోంచి తీసేశాడు. బిక్షపతి తనవైపు చూస్తున్నాడని తెలిసినా సోమలింగం పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

బిక్షపతి మళ్లీ మగ్గం పనికి పోయాడు. సోమలింగం అతనుండే గల్లీలోంచి నడవడం మానేశాడు. అయినా ఒకరోజు కూరగాయల బండి దగ్గర బిక్షపతి భార్య సమ్మక్క ఎదురుపడింది.

"అన్నా, మా ఆయన నిన్నేమంటలేడు. బావకు చెవు వినరాదు, నేనే గట్టిగ చెప్పాల్సిండె అంటుండు. జర సాబుకు చెప్పి మల్ల పెట్టియ్యరాదే?"

"చూస్త చెల్లె" అన్నాడు. కొన్న వంకాయలు బండి మీదే వదిలేసి ఇంటికి వచ్చాడు. బిక్షపతి తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు హితేశ్‌భాయ్‌కి ఉన్నదంతా చెప్పాడు. అతను లెక్క పుస్తకం ఇచ్చెయ్యమని చెయ్యి చాపాడు.

"సిమెంటు తొలిచేస్తాం, అది ఎలాగో అవుతుంది. అతణ్ని మాత్రం నువ్వే పోయి పిలుచుకురా."

మధ్యాహ్నం బిక్షపతి పనిచేసే షెడ్డుకు వెళ్తే మగ్గాలన్నీ నడుస్తున్నాయి. సోమలింగం బిక్షపతి దగ్గరికి పోయి చెప్పాడు.

"ఏంది?" అన్నాడు బిక్షపతి, ఆ మోతలో వినపడక.

"నాకు వినవడ్డది. నువ్వు చెప్పింది వినవడ్డది. అబద్ధమాడిన. సాబుకు అంత చెప్పిన, నిన్ను మల్ల పనికి రమ్మన్నడు" అని అరిచాడు సోమలింగం. చుట్టూ ఉన్న మగ్గాలవాళ్లు తలలు తిప్పారు. అందులో ముగ్గురు అతని ఊరివాళ్లు.

బిక్షపతి మగ్గం ఆపి, తెగిన పోగు ముడేసుకున్నాడు. "గంత పెద్దమనిషివి" అన్నాడు. మళ్లీ మగ్గం నడిపాడు.

వారం తర్వాత బిక్షపతి బావి పనికి వచ్చాడు. లెక్క పుస్తకం అతనికే ఇచ్చారు. సిమెంటు తొలిచి, చమురు పొర మళ్లీ తెరిచి, ఈసారి సరైన లోతులో కింది పొరను మూశారు. నీళ్లు సగానికి తగ్గి, చమురు పెరిగింది. సోమలింగం యాభై రెండేళ్ల వయసులో మళ్లీ పైపులు మోస్తున్నాడు. పైపు పక్కన పెట్టినప్పుడల్లా బిక్షపతి దగ్గరికే వెళ్లి చెబుతాడు. బిక్షపతి తలూపి రాసుకుంటాడు. బావా అని మాత్రం పిలవడు.