డి సెక్షన్‌లో ఫస్ట్

ఆరో క్లాసులో చేరిన రోజు నన్ను ఒక పేజీ చదవమన్నారు. డెబ్భైలలో మాట. మేం మల్కాపురంలో ఉండేవాళ్ళం, నాన్న పోర్టులో కలాసీ. ఐదు దాకా మా సందు చివర చిన్న బడిలో చదివాను. అక్కడ తెలుగు వాచకం గడగడా చదివేది నేనే. అందుకని హైస్కూల్లో కొత్త పిల్లలందరినీ వరసలో నిలబెట్టి చదివిస్తుంటే నాకు భయం వెయ్యలేదు. నా వంతు ఎప్పుడొస్తుందా అని చూశాను.

చదివించే మాస్టారు వేరే జిల్లా నుంచి వచ్చినాయన. నేను పుస్తకం పట్టుకుని మొదలుపెట్టాను. "సలికాలంలో సెట్ల ఆకులు రాలిపోతాయి. సెరువులో నీరు సల్లగా ఉంటుంది." ఎక్కడా ఆగలేదు. పేజీ అయ్యాక తలెత్తి చూస్తే ఆయన నవ్వుతున్నారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"సదవతన్నానండి."

వెనకాల నిలబడ్డ ఆఫీసర్ల క్వార్టర్ల పిల్లలు కూడా నవ్వారు. ఆయన కోప్పడలేదు. నా చీటీ మీద ఎర్ర పెన్సిలుతో 'డి' అని రాసి పక్కన పెట్టారు, అంతే.

మిగతా మూడు సెక్షన్లూ పక్కా గదుల్లో ఉండేవి. డి సెక్షన్‌ది సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డు. వెనకున్న పట్టాల మీద గూడ్సు బండి పోతుంటే పాఠం ఆగిపోయేది. మాలో సగం మంది నాలాంటి కలాసీల పిల్లలు, మిగతావాళ్ళు యారాడ నుంచి కొండ దాటి వచ్చే జాలర్ల పిల్లలు.

ఆ సాయంత్రం నాన్న అడిగాడు. "ఏ సెక్షనిచ్చినారే?"

"డి."

"అంటే ఏటి?"

"నాలుగోది."

"మా గ్యాంగూ నాలుగోదే," అని సంతోషంగా అన్నం కలుపుకున్నాడు. అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వారం తిరక్కుండానే ఆయనకి పోర్టులో ఎవరో చెప్పేశారు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"డి అంటే సదువు రానోల్ల సెక్షనంట. నిజవేనేటి?"

నాకు ఏడుపొచ్చింది. తల ఊపాను.

"పుస్తకం తే. సదువు."

నాన్నకి సంతకం తప్ప అక్షరం రాదు. నేను పాఠం మొత్తం చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎక్కడా ఆగనేదు గదా. సదువు రాదని ఎవలన్నారు?"

"నా మాట బాగోనేదంట, నానా."

ఆయన నా చేతిలో పుస్తకం తీసుకుని మూశాడు. "నీ మాట నా మాటే గదా," అన్నాడు.

ఆ మరుసటి నెల మా షెడ్డుకి కొత్త తెలుగు టీచరు వచ్చింది. శ్రీకాకుళం వైపు పల్లెటూరి మనిషి. మొదటి రోజే బోర్డు మీద 'చేప' అని రాసి, దీన్ని మీ ఇంట్లో ఏమంటారని అడిగింది. మేం తలలు దించుకున్నాం. "మా ఇంట్లో సేపే అంతాం," అందావిడ. షెడ్డంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "ఇంట్లో అలాగే అనండి. పుస్తకం తెరిస్తే మాత్రం ఇలా చదవండి. మీకు రెండూ రావాలి." ఆ రోజు నుంచి మేం గొంతెత్తి చదివేవాళ్ళం. గూడ్సు బండి వస్తే ఇంకా గట్టిగా చదివేవాళ్ళం. నా పక్కన కూర్చునే యారాడ పిల్లకి 'చ' పలకడం నేను నేర్పాను, నాకు భిన్నాలు ఆ పిల్ల నేర్పింది.

హాఫియర్లీ పరీక్షల్లో అన్ని సెక్షన్లకీ ఒకటే పేపరు. తెలుగులో ఆరో క్లాసు మొత్తం మీద నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. హెడ్మాస్టారు నాన్నని పిలిపించారు. నాన్న డ్యూటీ మధ్యలోంచి వచ్చాడు, ఖాకీ చొక్కా నిండా ఎర్రటి ఇనుప ఖనిజం దుమ్ము. మొదటి రోజు నన్ను చదివించిన మాస్టారూ అక్కడే ఉన్నారు.

"మీ అమ్మాయిని రేపటి నుంచి 'ఏ' సెక్షన్‌లో కూర్చోబెడతాం," అన్నారు హెడ్మాస్టారు.

నాన్న నా వైపు తిరిగాడు. "ఏటంతావు?"

"నాను ఎల్లనండి," అన్నాను. "నానెల్లిపోతే మా సెక్షన్ల ఫస్టెవలుంతారండి?"

"ఆ పిల్లలతో ఉంటే నువ్వు వెనకబడిపోతావమ్మా," అన్నారు హెడ్మాస్టారు.

నాన్న చేతులు కట్టుకునే ఉన్నాడు. గొంతు కూడా పెంచలేదు. "ఎనకబడితే ఈ మార్కులెలాగొచ్చినాయి బాబూ? ఆ పిల్లల్తో కూకునే గదా సదివింది."

మాస్టారు కళ్ళజోడు తీసి, నా పరీక్ష పేపరు మళ్ళీ ఒకసారి చూసి, "ఉండనివ్వండి సార్," అన్నారు.

నాకు అప్పుడు అంత ధైర్యమేమీ లేదు. 'ఏ' సెక్షన్ పిల్లలు మళ్ళీ నవ్వుతారన్న భయం కూడా ఉంది. కానీ ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. నాన్న ఆ రోజు నన్ను పోర్టు గేటు దగ్గర టీ కొట్టుకి తీసుకెళ్ళాడు. "మా గుంట. డి సెక్షను," అని తన గ్యాంగు వాళ్ళందరికీ చూపించాడు, అదేదో పెద్ద ఉద్యోగంలాగా.

ఎనిమిదిలో ఉండగా టీచరుకి బదిలీ అయిపోయింది. మేం మాత్రం పదో తరగతి దాకా ఆ షెడ్డులోనే చదివాం. తర్వాత నేను ట్రైనింగయ్యి, ఎనభైలలో కూర్మన్నపాలెం దగ్గర ఒక బడిలో తెలుగు టీచరుగా చేరాను. యారాడ పిల్ల నర్సయింది.

మా పది ఫలితాలు వచ్చిన రోజు, చదువు రాని వాళ్ళమ్మ పేపరు పట్టుకుని కొండ దాటి మా ఇంటికొచ్చింది. కూతురి నంబరు ఎక్కడుందో నా చేత చూపించుకుని, దాని మీద పెట్టిన వేలు తియ్యకుండానే మళ్ళీ కొండ దారి పట్టింది.