మీటరమ్మ ఫోనులో లీకు

ముందుగా ఒక తప్పు ఒప్పేసుకుంటాను, ఆనక తీరిగ్గా తిట్టుకోవచ్చు. మీటరమ్మ ఫోను బ్యాటరీ చచ్చిందని తీర్పిచ్చిన మేనల్లుడు ఉన్నాడే, ఆ మహానుభావుడు ఇది రాస్తున్నవాడే. ఫోను చేత్తో ముట్టుకోలేదు. గోడకు చేరబడి, బిస్కెట్లు నములుతూ, "రెండేళ్ళు దాటిన ఫోను కదత్తా, బ్యాటరీ పోయుంటుంది. మార్పించెయ్" అన్నాడు. నాడి చూడకుండానే పెదవి విరిచే వైద్యుడికీ వాడికీ తేడా లేదు. ఇక్కణ్ణుంచి వాణ్ణి మేనల్లుడు అనే అంటాను. వాడి ఘనకార్యాలన్నీ నావేనని చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు.

మీటరమ్మ పని నీళ్ళ మీటర్లు చూడడం. ఇరవై మూడేళ్ళుగా అదే పని. భుజాన గుడ్డసంచి, అందులో ఇనప కొక్కెం, అరిగిపోయిన టూత్‌బ్రష్, తడిగుడ్డ, బొటనవేలంత టార్చి. గేటు పక్కన గుంట మూతను కొక్కెంతో లేపుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని మీటరు అద్దం మీది బురద బ్రష్‌తో తోసి, గుడ్డతో తుడిచి, అంకెలు చదువుతుంది. ఒకప్పుడు పుస్తకంలో రాసుకునేది. ఇప్పుడు ఫోనుతో ఫోటో తీసి, ఆఫీసువాళ్ళ యాప్‌లో అంకెలు కొట్టాలి. రోజుకు నూట ఎనభై ఇళ్ళు, అటూఇటూగా.

మనకది పని. ఆవిడకది సీరియల్. ఇంట్లో అడుగు పెట్టకుండానే ఇంటి గుట్టు లాగేస్తుంది. "మూలమేడలో పసిపాప వచ్చినట్టుంది, నీళ్ళు రెట్టింపయ్యాయి" అంటుంది. వారం తిరక్కుండా ఆ మేడ మీద బుల్లి బట్టలు ఆరేసి కనిపిస్తాయి. ఒంటరిగా ఉండే పచ్చగేటాయన ఇంట్లో ఒక నెల ఇద్దరి వాడకం కనిపించింది. "ఆ రెండోవాళ్ళెవరబ్బా?" అని ఆవిడకు నెల్లాళ్ళు అన్నం సహించలేదు. చివరికి ఆయన డాబా మీద మొక్కలు పెంచుతున్నాడని తేలింది. "మొక్కలట! నేనింకా ఏదో అనుకున్నాను" అని మూడు రోజులు దిగాలుపడింది.

ఆవిడ భర్త దర్జీ. ముందుగదిలో మిషను, మిషను మీద ఆయన, ఆయన నోట ఈల. గుండీ కుడితే ఒక రాగం, కాలరు కుడితే ఇంకో రాగం. ఆ ఈల వినే నెల కిందట మేనల్లుడికి చెయ్యి దురద పుట్టింది. మీటరమ్మ ఫోనులో 'ఈలకోడి' అని ఒక యాప్ పెట్టాడు. చుట్టుపక్కల ఎవరు ఈల వేసినా ఫోను కోడిపెట్టలా కొక్కొక్కో అంటుంది.

యాప్ పెట్టిన ఆదివారమే ఆయన ఈల వేశాడు, కోడి పలికింది. ఈల ఆపాడు, కోడీ ఆపింది. మిషను కింద చూశాడు. బట్టల మూటల వెనక చూశాడు. బల్ల జరిపి చూశాడు. "ఇదిగో, మనింట్లో కోడి దూరింది" అని భార్యను కేకేశాడు. మేనల్లుడు తలుపు చాటున నోట్లో చొక్కా అంచు కుక్కుకుని నవ్వుతూ దొరికిపోయాడు.

మీటరమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక, "నవ్వింది చాల్లే గానీ తీసెయ్. రేపు ఎవరింటి గేటు దగ్గరో ఇది కూసిందంటే నన్ను కోళ్ళదొంగ అంటారు" అంది.

మేనల్లుడు ముందు కోడి గొంతు నొక్కాడు, అంటే చప్పుడు రాకుండా చేశాడు. తర్వాత తెర మీది కోడిబొమ్మ మీద వేలు అదిమిపెట్టి, తీసెయ్ అన్నాడు. బొమ్మ మాయమైంది. "తీసేశానత్తా" అన్నాడు. అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

ఆ మరుసటి వారం నుంచే ఫోను మధ్యాహ్నం రెండింటికల్లా కళ్ళు తేలెయ్యడం మొదలుపెట్టింది. సగం వీధులు ఇంకా మిగిలే ఉండేవి. మంచినీళ్ళు అడిగినట్టు ఇంటింటా "కాస్త ఛార్జింగ్ పెట్టుకోనిస్తారా అమ్మా" అని అడగాల్సి వచ్చేది. ఎవరూ కాదనలేదు గానీ, ఇరవై మూడేళ్ళలో ఒకరి గుమ్మం ఎక్కని మనిషికి అది మహా చిన్నతనంగా ఉండేది.

మూడో వారం సూపర్వైజరు పిలిచాడు. ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు, అందుకే ఆయనతో ఇంకా చిక్కు.

"అమ్మా, మూడు వారాల్లో తొమ్మిది సార్లు మీ రీడింగులు మధ్యలో ఆగిపోయాయి. పైవాళ్ళు నన్నడుగుతున్నారు. వచ్చే శుక్రవారం వీధులన్నీ పూర్తిచేసి, సాయంత్రం ఫోను బతికుండగా తెచ్చి నాకు చూపించండి. కుదరకపోతే ఒకటో తారీఖు నుంచి ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుందురుగాని. ఫ్యాను కింద సుఖంగా ఉంటుంది."

"సుఖం కావాలని నేనడిగానా బాబూ?"

"ఎండన పడి తిరిగే బాధ తప్పుతుంది కదమ్మా అని."

ఇంటికి రాగానే సంచి గోడకు తగిలించి, భర్త ఎదుట చతికిలబడింది. "కౌంటర్లో కూర్చుంటే మనుషుల మొహాలు తప్ప ఏం కనబడతాయండీ? మొహాలు ఎన్ని అబద్ధాలైనా ఆడతాయి. మీటరు ఆడుతుందా?"

వీధులు పోతే ఆవిడకు సగం లోకం పోయినట్టే. అది ఆయనకు తెలుసు. అందుకే ఈల ఆపి, "వాడు బ్యాటరీ మార్పించమన్నాడుగా, మార్పించెయ్" అన్నాడు.

మర్నాడు ఫోను రిపేరు కొట్టుకు వెళ్ళింది. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో నిలబడాల్సిన కొట్టు. నుదుటి మీద భూతద్దం పెట్టుకున్న రిపేరాయన ఫోను తీసుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి, నాలుగు నొక్కులు నొక్కి చూపించాడు.

"బ్యాటరీ ఆరోగ్యం ఎనభై ఎనిమిది శాతం ఉందమ్మా. నిక్షేపంలా ఉంది. మార్చక్కర్లేదు."

ఇంకొకరైతే ఫోను తీసుకుని వచ్చేసేవారు. మీటరమ్మ బల్ల మీద మోచేతులు ఆనించింది.

"దేన్లో ఎనభై ఎనిమిది?"

"అంటే?"

"శాతం అంటే ఏదో ఒకదాన్లో కదా. ఇది దేన్లో శాతం?"

రిపేరాయన భూతద్దం పైకి నెట్టాడు. "కొత్తలో ఇది నిండా ఎంత ఛార్జి పట్టేదో, అందులో ఇప్పుడు ఎంత పడుతుందో, అదమ్మా. కొత్తలో వంద పడితే ఇప్పుడు ఎనభై ఎనిమిది పడుతుంది."

"డాబా మీద ట్యాంకులో అడుగున మడ్డి చేరితే నీళ్ళు తక్కువ పట్టినట్టు."

"అచ్చం అంతే!"

"కొత్తలో ఎంత పట్టేదో ఎవరు చూశారు?"

"కంపెనీవాళ్ళు రాసి పెడతారమ్మా."

"వాళ్ళు రాసింది నిజమని ఎవరు చూశారు?"

రిపేరాయన బుర్ర గోక్కున్నాడు. పన్నెండేళ్ళుగా కొట్టు నడుపుతున్నాడు, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "మరీ పైసా వాటా తేడా లేకుండా ఉండదు లెండి, ఇది ఫోను వేసుకునే అంచనా. కానీ రెండింటికే చచ్చిపోయేంత జబ్బు మాత్రం దీనికి లేదు."

మీటరమ్మ మొహం వెలిగిపోయింది. "అంటే ట్యాంకు బాగానే ఉంది. నీళ్ళే ఎటో పోతున్నాయి."

ఇంటికొచ్చి ఆ మాటే చెబితే భర్త, "పోనీ ఆ పవర్ బ్యాంకేదో సంచిలో వేసుకుని వెళ్ళరాదూ?" అన్నాడు.

"నీళ్ళెక్కడికి పోతున్నాయో చూడకుండా ఇంకో ట్యాంకు కట్టమంటారా?"

"అయితే మేనల్లుణ్ణి పిలుద్దామా?"

"వాణ్ణి మాత్రం పిలవకండి. వాడొస్తే లీకు వెతకడు, గోడ పగలగొడతాడు."

లీకు పట్టడం మీటరమ్మకు వెన్నతో పెట్టిన విద్య. నీళ్ళ మీటర్లో అంకెల పక్కన చిన్న ఎర్ర చక్రం ఉంటుంది, కందిబద్దంత. బొట్టు కదిలినా అది తిరుగుతుంది. ఎవరింట్లోనైనా వాడకం విపరీతంగా కనిపిస్తే, ఇంట్లో కొళాయిలన్నీ కట్టేయమని గేటు దగ్గర్నుంచే కేకేస్తుంది. అన్నీ కట్టేశాక కూడా ఆ చక్రం తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఒకసారి తాళం వేసిన ఇంటి ముందు చక్రం గిర్రున తిరుగుతుంటే, నేల కింద గొట్టం పగిలిందని ఇంటివాళ్ళకు ఫోను చేసి మరీ చెప్పింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోను నూరు శాతం చేసి, వంటింటి బల్ల మీద పెట్టింది. పాత రీడింగు పుస్తకం ఒకటి బయటికి తీసింది. తెరిచి ఉన్నవన్నీ మూసేసింది. విమానం బొమ్మ నొక్కి నెట్ ఆపేసింది. ఎక్కడున్నామో చెప్పే లొకేషన్ ఆపేసింది. కొళాయిలన్నీ కట్టేసినట్టే.

"దాన్ని ఇక ముట్టుకోకండి" అంది భర్తతో.

"నేనెప్పుడు ముట్టుకున్నాను? నా పని నాది" అని ఆయన మిషను తొక్కుతూ ఈల అందుకున్నాడు.

అరగంటకోసారి వచ్చి చూసి రాసుకుంది. తొంభై ఏడు. తొంభై నాలుగు. తొంభై ఒకటి. పొయ్యి మీద గిన్నె దించకముందే మళ్ళీ పరిగెత్తుకొచ్చి చూసింది. పన్నెండింటికి ఎనభై మూడు. ఎవరూ వాడని ఫోను, ఎవరితోనూ మాట్లాడని ఫోను, బల్ల మీద కూర్చుని మూడు గంటల్లో పదిహేడు తాగేసింది. పైగా తాకితే గోరువెచ్చగా ఉంది.

మీటరమ్మకు భయం వెయ్యలేదు, సరదా పుట్టింది. కళ్ళజోడు పెట్టుకుని, గుంటలో మీటరు చూసినట్టే ఫోను మీదికి వంగింది. దీనికీ ఒక ఎర్ర చక్రం ఉండాలి కదా? ఉంటే ఎక్కడుంటుంది?

తెర పైన కుడిమూల ఒక ఆకుపచ్చ చుక్క ఉంది. ఆవగింజంత. కొన్ని రోజులుగా చూస్తూనే ఉంది. మురికనుకుని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచింది కూడా. ఇప్పుడు తుడవలేదు. పైనుంచి వేలితో కిందికి లాగింది. చుక్క కాస్తా చిన్న మైకు బొమ్మయింది. దాని మీద నొక్కితే ఒక వరుస వచ్చింది: మైకు వాడుతున్నది ఈలకోడి.

"ఏవండీ, ఈల ఆపండి. ఇది వింటోంది."

"ఎవరు వింటున్నారు?"

"కోడి."

"ఏ కోడి?"

"ఆ రోజు మీరు మిషను కింద వెతికిన కోడి."

ఆయన కాలు మిషను మీద ఆగిపోయింది. "నేనప్పుడే చెప్పాను ఇంట్లో కోడి ఉందని! నా మాట ఎవరు విన్నారు?"

గొంతు నొక్కిన కోడి చెవులు మాత్రం తెరుచుకునే కూర్చుంది. తెర మీద బొమ్మ పోయింది గానీ కోడి పోలేదు. ఎప్పుడు ఈల వినిపిస్తుందా అని పొద్దస్తమానం చెవులు రిక్కించి ఛార్జి తాగుతోంది. వీధుల్లో ప్రతి హారనూ, ప్రతి కుక్క అరుపూ, ఇది ఈలేనా అని తూకం వేసుకుంటూ తిరిగింది.

మీటరమ్మ సెట్టింగుల్లో యాప్‌ల జాబితా పట్టుకుని ఒక్కొక్కటే దిగింది. అడుగున ఎక్కడో కోడి దొరికింది. అన్‌ఇన్‌స్టాల్ అన్నచోట నొక్కి, చుక్క ఆరిపోయేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. అక్కడితో వదిలితే ఆవిడ మీటరమ్మ కాదు. ఫోను మళ్ళీ నూరు చేసి, అదే బల్ల మీద, అన్నీ అలాగే కట్టేసి, మళ్ళీ మూడు గంటలు.

"ఈల వెయ్యండి."

"ఇందాక ఆపమన్నావుగా?"

"అప్పుడు వేశారుగా, ఇప్పుడూ వెయ్యండి. లేకపోతే లెక్క సరిపోదు."

ఆయన మూడు గంటలు ఈల వేసి పెదవులు ఎండగొట్టుకున్నాడు. ఫోను తొంభై ఎనిమిది దగ్గర కూర్చుంది. మీటరమ్మ రెండు వరుసలూ పక్కపక్కన రాసి, కింద గీత కొట్టింది.

అయినా బల్ల మీద కూర్చోవడం వేరు, ఎండలో తిరగడం వేరు. శుక్రవారం దాకా ఆవిడ గుండె కుదురుగా లేదు. ఆ రోజు నూట ఎనభై నాలుగు ఇళ్ళు పడ్డాయి. రెండు గంటలప్పుడు పచ్చగేటు ముందు గుంట మూత లేపి, మీటరుకంటే ముందు ఫోను చూసింది. అరవై ఒకటి. అప్పుడు గాని గట్టిగా ఊపిరి వదల్లేదు. పచ్చగేటాయన వాడకం మళ్ళీ పెరిగింది. మొక్కలకు ఇన్ని నీళ్ళా? ఈసారి ఇంకెవరో తప్పకుండా వచ్చారని ఆవిడకు గట్టి నమ్మకం.

సాయంత్రం సూపర్వైజరు బల్ల మీద ఫోను పెట్టింది. ముప్ఫై నాలుగు.

"బ్యాటరీ మార్పించారా అమ్మా?"

"లేదు బాబూ. లీకు కట్టాను."

ఆయనకు అర్థం కాలేదు. రీడింగులన్నీ చేరాయో లేదో మాత్రం చూసుకుని, "సరే, ఒకటో తారీఖు నుంచీ మీ వీధులు మీవే" అన్నాడు.

ఆ సాయంత్రమే మేనల్లుడు కాలర్ ఎగరేసుకుంటూ దిగాడు. "ఏంటత్తా, ఫోను రోజంతా నిలబడిందటగా? బ్యాటరీ మార్పించమని ముందే చెప్పింది ఎవరు?"

మీటరమ్మ రీడింగు పుస్తకం వాడి ముందు తెరిచి పెట్టింది. ఒక వరుస పైన 'కోడితో' అనీ, రెండో వరుస పైన 'కోడి లేకుండా' అనీ రాసి ఉంది. చదివేసరికి మేనల్లుడి మొహం మాడిపోయింది. మిషను మీంచి మామయ్య సన్నగా ఈల వేశాడు.

"బొమ్మ తీసేశాను కదత్తా... అది పోతే యాప్ పోయినట్టే అనుకున్నా."

"గుంట మీద మూత పెట్టేస్తే మీటరు ఆగిపోతుందిట్రా?"

మేనల్లుడికి సిగ్గేస్తే నోరు ఇంకా ఎక్కువ లేస్తుంది. అది వాడి జబ్బు. "పోన్లే అత్తా, ఫోను ఆరోగ్యం ఎనభై ఎనిమిది అని తేలిందిగా. నువ్వు కొలతల్లో ఇంత గట్టిదానివి కదా, నా బుర్ర ఆరోగ్యం ఎంత శాతమో కాస్త చెప్పు చూద్దాం" అన్నాడు.

మీటరమ్మ టూత్‌బ్రష్ కొళాయి కింద కడిగి, విదిలించి, సంచిలో వేసుకుంది.

"శాతం కట్టాలంటే కొత్తలో కొంతైనా ఉండుండాలి కదరా. నిన్ను నేను కొత్తలోనూ చూశాను."